చప్పుడు చేయని చాకు

ఆ ఏడు గడ్డికోతల్లో మా ఇంట్లో భోజనం ఎప్పుడు అయిపోయిందో ఎవరికీ తెలియకుండా పోయింది. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. తినేవాడికి తన కడుపు నిండిన సంగతి తెలియదా అంటారు మీరు. మా ఓబ్రాక్ కొండల మీద ఆ రోజుల్లో తెలిసేది కాదు. భోజనం అయిపోవడం అన్నది కడుపుకి సంబంధించిన సంగతి కాదు, ఇంటి పెద్ద చేతిలోని చాకుకి సంబంధించిన సంగతి.

మగవాడన్న ప్రతివాడూ తన మడతచాకు జేబులో పెట్టుకునే బల్ల దగ్గరికి వచ్చేవాడు. రొట్టెకీ అదే, మాంసానికీ అదే, ఆఖర్న తినే గట్టి జున్నుకీ అదే. ఇంటి పెద్ద ముందు రొట్టె తిరగేసి అడుగున చాకు మొనతో సిలువ గీస్తాడు. దాన్ని గుండెకి ఆనించుకుని తన వైపుకి కోస్తాడు. తలా ఒక ముక్క ఇస్తాడు. అప్పుడు మిగతావాళ్ళ చాకులు తెరుచుకుంటాయి. చివర్న ఆయన చాకుని రొట్టెముక్కతో తుడిచి, ఆ ముక్క నోట్లో వేసుకుని, చాకు టప్పున మడిచాడా, ఇక అంతే. పళ్ళెంలో ఏమున్నా సరే, బుగ్గలో ఏమున్నా సరే, లేవాల్సిందే.

ఆడవాళ్ళం అసలు కూర్చునేదే లేదు. పొయ్యికీ బల్లకీ మధ్య తిరుగుతూ, వడ్డిస్తూ, సందు దొరికినప్పుడు పొయ్యి గట్టు దగ్గర నిలబడి గిన్నెలోంచి నాలుగు చెంచాలు మింగేవాళ్ళం. మా పుట్టింట్లో నాన్న లేడు. అమ్మా, అక్కచెల్లెళ్ళం, ఎవరికి తీరికైనప్పుడు వాళ్ళం తినేవాళ్ళం. ఆ చలికాలమే ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో ఆ టప్పుమన్న చప్పుడు వింటే నాకు ఏడుపొచ్చేది. సూపు అప్పుడే గొంతుకి పట్టేంత చల్లారి ఉండేది మరి.

మా మామయ్య పేరు ఉర్బెన్. ఎముకలు పెద్దవి, మాటలు చిన్నవి. ఆయన చాకు చప్పుడు మా కుక్కకి కూడా తెలుసు. అంతసేపూ వాకిట్లో పడుకున్నది, ఆ చప్పుడు వినగానే ఎంగిలి కోసం గుమ్మంలోకి వచ్చి నిలబడేది. కొడుక్కి పెళ్ళైంది కదా, పొలం ఎప్పుడు అప్పజెబుతావు అని ఊళ్ళో వాళ్ళు అడిగితే ఆయన ఒక్కటే జవాబు చెప్పేవాడు, నా చాకు నేనే మడుస్తాను అని. మా ఆయన ఫిర్మెన్ ఆ మాట విన్నప్పుడల్లా బూట్ల వంక చూసుకునేవాడు. తండ్రి మీద కోపం ఉండి కాదు. ఆ మాట మీద ఇంకో మాట అనడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు.

అలాంటి మనిషి చాకు పోగొట్టుకున్నాడు. వసంతం చివర్న ఆవుల్ని పైమేతకి తోలుకెళ్తుంటే ఒక పెయ్య ఊబిలో దిగబడింది. దాని కొమ్ములు పట్టుకుని లాగుతూ వంగినప్పుడు చాకు జేబులోంచి జారి ఆ నల్లటి బురదలో పడింది. వాళ్ళ నాన్న ఇచ్చిన చాకు. పెయ్య బయటికి వచ్చింది గాని చాకు రాలేదు. చీకటి పడేదాకా కర్రతో బురద కెలికి, మోకాళ్ళదాకా మట్టితో ఇంటికొచ్చి, సూపు వద్దన్నాడు.

గడ్డికోతల ముందు పశువుల సంత జరుగుతుంది. మామయ్యా అత్తయ్యా ఇద్దరూ కలిసి వెళ్ళారు. అదివరకు పట్నంలో చాకులు చేసే ముసలాయన ఉండేవాడు, ఆ శీతాకాలం కన్నుమూశాడు, కొట్టు మూతపడింది. సంతలో ఎవడో కొత్తవాడు బండి మీద పరిచి అమ్ముతున్నాడు. అచ్చం పోయిన చాకులాంటిదే. అదే సన్నటి పొడుగు బ్లేడు, అదే ఆవుకొమ్ము పిడి, స్ప్రింగు మీద అదే తేనెటీగ బొమ్మ. మా వాళ్ళు చాకుని చూసి కొనరు, విని కొంటారు. చెవి పక్కన పెట్టుకుని తెరిచి, మడిచి, ఆ చప్పుడు గట్టిగా, గుండ్రంగా ఉంటేనే సంచీ విప్పుతారు. కానీ అది పశువుల సంత. దూడల్ని విడదీసిన ఆవులు నాలుగు దిక్కులా అరుస్తున్నాయి. ఆ రొదలో ఏం వినపడుతుంది? అత్తయ్య, కాస్త చర్చి వెనక్కి తీసుకెళ్ళి విని కొనమందట. చాకు కొనడం ఆడదాని దగ్గర నేర్చుకోవాలా అని మామయ్య అక్కడికక్కడే కొనేశాడు.

ఇంటికొచ్చి అందరికీ చూపించాడు. అలా ఆయన ఒక వస్తువుని చేతిలో పెట్టుకుని తిరగడం నేనెప్పుడూ చూడలేదు. కొత్త చెప్పులు తొడుక్కున్న చిన్నపిల్లాడిలా ఉన్నాడు. వాకిట్లోకి వెళ్ళి ఎండలో పిడి తిప్పి చూసుకున్నాడు. గాడిద జీనుకి తోలుపట్టీ కోశాడు, అవసరం లేకపోయినా.

మర్నాడు కోతలు మొదలు. కోతగాళ్ళు దిగారు. వాళ్ళలో కజిమీర్ అని ఒకడు, ఏటా వచ్చేవాడే, చేతిలో కొడవలి ఎంత ఆడుతుందో నోట్లో నాలుకా అంతే ఆడుతుంది. మధ్యాహ్నం బల్ల నిండింది. మామయ్య రొట్టె అడుగున సిలువ గీసి కోయబోతే, బ్లేడు పిడిలో అటూ ఇటూ ఊగింది. నల్లరొట్టె పైచెక్క మా కొండల్లో ఊరికే తెగేది కాదు. ఆయన నొక్కాడు, తోశాడు, ముక్క ఒక పక్క మందంగా, ఒక పక్క కాగితంలా వచ్చింది. కోతగాళ్ళు ముక్కల్ని మందం వైపు నుంచి పట్టుకుని తిన్నారు.

ఆఖర్న మామయ్య చాకు తుడిచి మడిచాడు.

మీగడ పెరుగులో చెంచా దిగినట్టు దిగింది బ్లేడు. చప్పుడే లేదు. కజిమీర్ తన అత్తగారు గాడిద మీంచి పడ్డ కథ చెబుతున్నాడు, చెబుతూనే ఉన్నాడు. పక్కవాడు ఇంకో జున్నుముక్క కోసుకున్నాడు. మామయ్య పిడికిట్లో మడిచిన చాకు పట్టుకుని కూర్చున్నాడు. లేవమని నోటితో చెప్పాలంటే ఆయనకి ఆ మాట ఎలా అనాలో తెలియదు, ఆ ఇంట్లో ఏ తరంలోనూ ఎవరూ అని ఉండరు. ఆయన మొహం తెల్లబోయింది.

అత్తయ్య చూసింది. పొయ్యి దగ్గర నిలబడే, సూపు గరిటెతో ఇనప బాన అంచు మీద ఠంగుమని కొట్టింది, చేయి జారినట్టు. కోతగాళ్ళు ఉలిక్కిపడి తిరిగి చూశారు, పెద్దాయన చేతిలో మడిచిన చాకు చూశారు, లేచారు.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. మామయ్య చేయి రొట్టెముక్క మీద పడిందంటే అత్తయ్య చేయి గరిటె మీద పడేది. చాకు మడిచీ మడవగానే ఠంగు. చూసేవాళ్ళకి రెండూ ఒకటే అనిపించేంత సరిగ్గా కొట్టేది. గిన్నెలు కడుగుతుంటే నేనడిగాను, ఎందుకత్తయ్యా, చాకు బాగాలేదని ఆయనకే చెప్పొచ్చు కదా, తిరిగిచ్చేస్తారు కదా అని.

"చెబితే నేను చర్చి వెనక్కి రమ్మన్నది గుర్తొస్తుంది," అంది అత్తయ్య, గిన్నె తుడుస్తూ. "కోతలు అయిపోనీ. మగాడి తప్పు మగాడికే తెలియాలి. మనం చూపిస్తే అది మన తప్పవుతుంది."

తనకి ఒంట్లో బాగాలేనప్పుడు గరిటె నేను కొట్టాలని కూడా చెప్పింది. ఎక్కడ కొట్టాలో చూపించింది, అంచు మీదే, మధ్యలో కొడితే చప్పుడు బొంగురుగా వస్తుందట. ఇద్దరం నవ్వుకున్నాం. నేను ఆ ఇంట్లో మొదటిసారి నవ్వింది అప్పుడే అనుకుంటాను.

ఇలా కొన్నాళ్ళు గడిచింది. చాకు మాత్రం రోజురోజుకీ దిగజారింది. పొద్దున నూరితే మధ్యాహ్నానికి మొండి. రాత్రిళ్ళు మామయ్య రాతి మీద నీళ్ళు చల్లుకుని నూరుకునేవాడు. ఎలా ఉంది పెద్దాయనా కొత్త చాకు అని కజిమీర్ అడిగితే, బాగుంది, ఇంకా చేతికి అలవాటు కావాలి అనేవాడు. చాకుల్ని ఎరిగిన ఆ మనుషులందరూ అవునవును, కొత్తవి అంతే అనేవాళ్ళు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా.

పెద్దమైదానం గడ్డి ఎత్తే రోజు వచ్చింది. కోసిన గడ్డి అంతా నేల మీద ఎండి కరకరలాడుతోంది, ఆ పూట బండెక్కించాల్సిందే. మధ్యాహ్నానికి దక్షిణం వైపు ఆకాశం సీసంలా అయింది. అత్తయ్య కోళ్ళని మూయడానికి పెరట్లోకి వెళ్ళింది. గరిటె నా వంతు. నేను మామయ్య చేతినే చూస్తున్నాను. ఆయన జున్ను కోసుకున్నాడు, ఇంకా సగం తినలేదు. మా ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. మబ్బుని చూస్తూ, గడ్డిని తలుచుకుంటూ, తన చేతులు ఏం చేస్తున్నాయో మర్చిపోయాడు. తన చాకు తుడిచి మడిచాడు.

టప్.

చిన్నప్పుడు కొన్న చాకు అది, మంచి స్ప్రింగు. ఆ చప్పుడు ఇల్లంతా వినపడింది. కోతగాళ్ళు లేచారు. ఒక్కసారిగా, బెంచీలు గరగరలాడుతుంటే, ఏటా లేచినట్టే. కుక్క గుమ్మంలోకి వచ్చింది. కూర్చున్నది ఇద్దరే ఇద్దరు. బల్లకి ఆ చివర తండ్రి, చేతిలో జున్ను పెట్టిన రొట్టెముక్క. ఈ పక్కన కొడుకు, చేతిలో మడిచిన చాకు. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచిన వాళ్ళు కూర్చోవాలో వద్దో తెలియక అలాగే వంగి నిలబడ్డారు.

మామయ్య కిటికీలోంచి చూశాడు.

"కమ్ముకొస్తోంది," అన్నాడు. "పదండి మరి."

రొట్టెముక్క కోటు జేబులో పెట్టుకుని, చప్పుడు లేని చాకు చప్పుడు లేకుండా మడిచి, అందరికన్నా వెనక నడిచాడు.

వాన పడేలోపు గడ్డి కొట్టంలోకి చేరింది. ఒక్క పరక తడవలేదు. కానీ ఆ సాయంత్రం నుంచి మామయ్య బల్ల దగ్గరికి రాలేదు. లోపల ఉక్కగా ఉందని గిన్నె పట్టుకుని గుమ్మం పక్క రాతి అరుగు మీద కూర్చున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆ చివరి కుర్చీ ఖాళీగా ఉండేది, దాంట్లో ఎవరూ కూర్చునేవారు కాదు. మా ఆయన అసలు చాకే తీయడం మానేశాడు. రొట్టె చేత్తో చింపుకుని తినేవాడు, మాంసం పళ్ళతో పీక్కునేవాడు, అడవిలోంచి వచ్చినవాడిలా. కోతగాళ్ళకి ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియదు, ఎప్పుడు ఆపాలో అసలే తెలియదు. ఒకడు లేవబోయి పక్కవాడు లేవలేదని మళ్ళీ కూర్చునేవాడు. పని వేళ దాటిపోయేది. కజిమీర్ కూడా నోరు మూసుకున్నాడంటే చూసుకోండి.

అలా ఎవరూ లేవని ఒక పూట మా ఆయన ఖాళీ చేతులతో కూర్చుని అటూ ఇటూ చూస్తూ పొయ్యి వైపు చూశాడు. నేను గట్టుకి ఆనుకుని గిన్నె ఎత్తి తాగుతున్నాను. నోయెమీ, నువ్వెప్పుడూ ఇలా నిలబడే తింటావా అని అడిగాడు. చలికాలం నుంచి రోజూ చూస్తున్న మనిషి. అవునన్నాను. నా గిన్నె వంకా, ఖాళీగా ఉన్న తండ్రి కుర్చీ వంకా చూశాడు.

తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం పోయింది. ఇద్దరూ నాతో చెప్పేవాళ్ళు. కొండ అవతలి పట్నంలో మంచి చాకులు చేసేవాడున్నాడట, కోతలవగానే వెళ్ళి నాన్నకి ఒకటి తెస్తానని మా ఆయన అన్నాడు. అది తెచ్చి ఆయన చేతిలో పెడితే అంతా మామూలైపోతుందని ఆశ. నాకూ ఆ ఆశే ఉండేది. లేకపోతే ఆ పెద్దమనిషి మిగిలిన రోజులన్నీ గుమ్మం బయటే తింటాడేమో, మా ఇల్లు రెండు ముక్కలవుతుందేమో అని రోజంతా నాకు అదే బెంగ.

సాయంత్రం చిరుతిండి బుట్ట పట్టుకుని పొలానికి వెళ్ళాను. మామయ్య ఒక్కడే రాతిగోడ నీడన కూర్చుని కొడవలి పదును పెడుతున్నాడు. బుట్ట దింపాక, ఫిర్మెన్ మీకు కొత్త చాకు తెస్తానంటున్నారు మామయ్యా అని చెప్పాను. ఆయన జేబులోంచి ఆ చాకు తీసి, తెరిచి, నా చేతిలో పెట్టాడు. మగవాడి చాకు నేను చేత్తో పట్టుకోవడం అదే మొదలు.

"మడువు," అన్నాడు.

మడిచాను.

"ఏం వినపడింది?"

"ఏమీ వినపడలేదు మామయ్యా."

"కోతల మొదటి రోజు నుంచి ఈ మాట ఎవరంటారా అని చూస్తున్నాను. ఒక్కళ్ళూ అనరే." కొడవలి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మీ అత్త నాకు తెలియదనుకుంటోంది. ఇన్నేళ్ళుగా నా వెనకే వండుతోంది. ఆవిడ గరిటె బానకి ఎప్పుడు తగులుతుందో, ఎప్పుడు తగిలిస్తుందో ఆ మాత్రం తెలియదా నాకు?"

నేను తల దించుకున్నాను. నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. అయితే కొత్తది తెప్పించుకోండి మామయ్యా అన్నాను.

"వద్దని చెప్పు వాడికి." గడ్డి కోసేసిన మైదానం వైపు చూస్తూ అన్నాడు. "ఆ రోజు వాడి చాకు చప్పుడు విన్నావుగా. నేనూ విన్నాను. వాళ్ళు లేచారని నేను అలిగాననుకుంటున్నారు మీరంతా. నేనూ లేవబోయాను పిల్లా. ముందు మోకాళ్ళు కదిలాయి. నేనెవరో తర్వాత గుర్తొచ్చింది."

మీరు బయట కూర్చుంటే ఆయన చేత్తో చింపుకు తింటున్నారు మామయ్యా, చూడలేకపోతున్నాను, లోపలికి రండి అని మాత్రం అనగలిగాను. చేత్తోనా అని అడిగాడు. ఆ సంగతి ఆయనకి తెలియదు. అవునన్నాను. బుట్టలోంచి రొట్టె తీసుకుని తిన్నాడు.

చివరి బండి ఇంటికొచ్చిన రోజు కోతగాళ్ళకి విందు. ఉడికించిన బంగాళదుంపల్ని పచ్చి జున్నుతో కలిపి, పొయ్యి మీదే కర్రతో తీగలు సాగేదాకా తిప్పుతారు. అత్తయ్య చేతులు పడిపోతే నేను, నా చేతులు పడిపోతే అత్తయ్య. అందరూ కూర్చున్నాక మామయ్య వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగలేదు, తిన్నగా వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. రొట్టె తిరగేసి సిలువ గీశాడు, ఊగే చాకుతో కోశాడు. కజిమీర్‌కి ప్రాణం లేచొచ్చింది.

"పెద్దాయనా, ఈ ముక్కలో లావు పక్క నాకూ, సన్న పక్క నా గాడిదకీనా?"

"రెండూ నీకే. గాడిద ఇంకెక్కడుంది," అన్నాడు మామయ్య. బల్లంతా ఘొల్లుమంది. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో నవ్వు వినపడింది.

తిన్నారు, తాగారు, జున్ను అయింది. మామయ్య చాకుని రొట్టెముక్కతో తుడిచి మడిచాడు. అత్తయ్య చేయి లేచింది.

"గరిటె దించు, యూలలీ," అన్నాడు ఆయన వెనక్కి తిరక్కుండానే.

ఆయన కొడుకు వైపు చూశాడు.

"నీ చాకు ఏదిరా?"

జేబులో ఉందన్నాడు మా ఆయన.

"బయటికి తియ్యి. తెరువు. నా బల్ల దగ్గర కూర్చుని కోతిలా చేత్తో తినేవాడు నాకు కొడుకు కాడు." మా ఆయన చాకు తీసి తెరిచాడు. మామయ్య బల్లంతా ఓసారి కలయజూశాడు. "ఊఁ. తిన్నారందరూ. ఇక నువ్వు మడువు."

కోతగాళ్ళు లేవడానికి బెంచీల మీద చేతులు ఆనించుకున్నారు. మా ఆయన తెరిచిన చాకు వంక చూశాడు, తండ్రి వంక చూశాడు, అక్కడి నుంచి పొయ్యి వైపు చూశాడు. మడవలేదు.

"అమ్మ ఇంకా తినలేదు," అన్నాడు. "నోయెమీ కూడా."

మామయ్య తిరిగి చూశాడు. పొయ్యి గట్టు మీద మా ఇద్దరి గిన్నెలూ నిండుగా ఉన్నాయి, వేడివేడి దుంపల మీద ఇంకా ఆవిరి లేస్తోంది. ఆయన వాటిని అలా చూస్తూ ఉండిపోయాడు, తన ఇంట్లో తనకి తెలియని గది ఒకటి కనపడ్డట్టు. తర్వాత తన పక్కన బెంచీ మీద ఉన్నవాణ్ణి జరగమని చేత్తో సైగ చేశాడు.

అత్తయ్య రానంటే రానంది. నేనే చేయి పట్టుకుని లాక్కొచ్చాను. బల్ల దగ్గర కూర్చోగానే ఆవిడ ఒళ్ళు బిగుసుకుపోయింది. రెండు చెంచాలు గబగబా మింగింది, పొలమారింది.

"మెల్లగా," అన్నాడు మామయ్య.

"ముయ్యరా నాయనా ఆ చాకు," అంది ఆవిడ కొడుకుతో, బతిమాలుతున్నట్టు. "ఇంతమంది చూస్తుంటే నాకు ముద్ద గొంతు దిగట్లేదు."

"చూడకండ్రా," అన్నాడు మామయ్య కోతగాళ్ళతో.

అంత లావు మనుషులు అందరూ బుద్ధిగా కిటికీ వైపు తిరిగారు. కజిమీర్ అయితే టోపీ ఒళ్ళో పెట్టుకుని మరీ చూశాడు. బయట చూడ్డానికి ఏమీ లేదు, మైదానమంతా కోసేశాం. అత్తయ్య తిన్నది, నేను తిన్నాను, సాగే తీగల్ని చెంచాకి చుట్టుకుని చుట్టుకుని తిన్నాం. ఎవరూ దగ్గలేదు, కాలు కదపలేదు. గిన్నె అడుగు గీకిన చప్పుడుకి ఆవిడ సిగ్గుపడి చెంచా కింద పెట్టింది.

అప్పుడు మా ఆయన చాకు మడిచాడు. అందరికన్నా ముందు లేచింది మామయ్య.